ముఖం చిట్లించడం: బాధ, జుగుప్స, కరుణ

తెలుగులో ‘ముఖం చిట్లించడం’ అనే పలుకుబడికి రెండు ప్రయోగాలున్నాయి. నొప్పి తాళలేనివాడు కనుబొమలు ముడిచి, పళ్లు బిగపట్టినప్పుడు బాధతో ముఖం చిట్లించాడంటారు. ఎదుటివారి మురికినో దైన్యాన్నో చూసి ఏవగించుకున్నవాణ్ణి గురించీ అదే మాట అంటారు. బాధపడేవాడికీ, ఆ బాధను చూసి విసుక్కునేవాడికీ ఒకే మాట చెల్లుతున్నందున, ఎదుటి ముఖంలో బాధ కనిపించినప్పుడు చూసేవాడి మనస్సు ఎటు మొగ్గాలన్న ధర్మప్రశ్న ఇక్కడ తలెత్తుతుంది.

భరతుని నాట్యశాస్త్రం బాధనూ ఏవగింపునూ వేరుచేసింది. మనస్సులో నిలకడగా ఉండే భావాన్ని స్థాయిభావమంటారు. శోకం స్థాయిగా కరుణరసం, జుగుప్స స్థాయిగా బీభత్సరసం ఏర్పడతాయని ఆ గ్రంథం చెప్పి, దుఃఖాభినయానికి వాడిపోయి కుంగిన చెక్కిళ్లను, జుగుప్సకు ‘వికూణితం’ అనే ముడుచుకున్న ముక్కును విధించింది.

ఉత్తరాది నుంచి తరాల కిందట వచ్చి స్థిరపడిన లోధ్ కుటుంబాలు వినాయక, దుర్గా విగ్రహాలు మలిచే హైదరాబాద్ పాతబస్తీలోని ధూల్‌పేట్‌లో ఈ ప్రశ్న కంటికి కనిపించే రూపం ధరిస్తుంది. దసరా విగ్రహాల్లో త్రిశూలం దిగిన మహిషాసురుడి కనుబొమలు ముడివడి, నోరు తెరుచుకుని, పళ్లు బయటపడి ఉంటే, పైన అమ్మవారి ముఖం ప్రసన్నంగా ఉంటుంది. ఆ ప్రసన్నత నిర్దయ కాదు. 700 శ్లోకాలుగా ప్రసిద్ధమైన దేవీమాహాత్మ్యం 4వ అధ్యాయంలో దేవతలు ఆమెను హృదయంలో కృప, సమరంలో కాఠిన్యం కలిగిన తల్లిగా స్తుతిస్తారు. మహిషుడు ఆమె పాదాలను వీడకుండా ఉండి, ఆమెతో పాటు పూజలందుకునే వరం పొందాడని కాళికాపురాణం చెబుతుంది. కనుక ఆ చిట్లించిన ముఖం కూడా పూజాపీఠం మీదిదే.

అయితే బాధను ముఖంలో కనబరచడం ఓర్పు లేకపోవడం కాదా అన్న శంక మిగులుతుంది. శంకరాచార్యుల పేర ప్రసిద్ధమైన వివేకచూడామణి, ప్రతీకారం కోరక, చింత, విలాపం లేకుండా దుఃఖాన్ని సహించడమే తితిక్ష అని నిర్వచించింది. అందులో నిషేధించినది మనస్సు పెంచుకునే చింతనే తప్ప శరీరానికి కలిగే నొప్పిని కాదు. బౌద్ధుల సంయుత్తనికాయంలోని సల్లసుత్తం ఇదే భేదాన్ని రెండు బాణాలుగా చూపుతుంది: మొదటిది దేహానికి తగిలే వేదన, అది జ్ఞానికీ తప్పదు, రెండవది దానిపై మనస్సు పడే శోకం, అది అజ్ఞానికి మాత్రమే తగులుతుంది. నొప్పికి అప్రయత్నంగా ముడుచుకునే కనుబొమలు మొదటి బాణం గుర్తులే.

అందువల్ల రోగి గాని, వృద్ధుడు గాని, బరువు మోసే కూలీ గాని ముఖం చిట్లించినప్పుడు ఓర్పు లేదని తప్పుపట్టే అధికారం ఎవరికీ లేదు. తితిక్ష ఎవరికి వారు అలవరచుకోవలసినది. ఎదుటివారికి చూపవలసినది కరుణ.