గీత మనుషుల్ని దాటినప్పుడు

విజయవాడలో హైదరాబాదు బస్సెక్కితే కంచికచర్ల ఇంకా రాకముందే పరిటాల వస్తుంది. 135 అడుగుల ఆంజనేయుడు అల్లంత దూరం నుంచే కనిపిస్తాడు. కిటికీ పక్కనున్నవాళ్లు కూర్చున్నచోటి నుంచే దణ్ణం పెట్టుకుంటారు. ఆ విగ్రహం 2003లో వచ్చింది. అంతకు యాభై అయిదేళ్ల కిందట ఆ పొలిమేరలో ఒక రాజ్యం అయిపోయి ఇంకో రాజ్యం మొదలయ్యేది. చుట్టూ ఇంగ్లీషు ప్రభుత్వం ఏలే కృష్ణా జిల్లా. మధ్యలో పరిటాల, దాని పక్కన మరికొన్ని ఊళ్లు మాత్రం నిజాం నవాబువి. 1766లో సర్కారు జిల్లాలను కంపెనీకి అప్పగించినప్పుడు వజ్రాల గనులున్న ఊళ్లను నిజాం తన కిందే అట్టిపెట్టుకున్నాడని జిల్లా చరిత్ర చెబుతుంది. గనులు ఏనాడో ఉడిగిపోయాయి. గీత మాత్రం ఉండిపోయింది. 1947లో దేశమంతా జెండా ఎగరేస్తే పరిటాల ఇంకా నిజాం రాజ్యంలోనే ఉంది. అప్పుడు ఆ ఊరివాళ్లు నవాబును కాదని తమకు తామే స్వతంత్రం ప్రకటించుకున్నారు. పాతవాళ్లు దాన్ని ఇప్పటికీ పరిటాల రిపబ్లిక్ అంటారు.

మునగాలది దీనికి తిరగేసిన కథ. అది నందిగామ తాలూకాలోని జమీందారీ, అంటే కృష్ణా జిల్లాదే. కానీ దానికి నాలుగు వైపులా నిజాం ఇలాకాయే. తాలూకా కచేరీలో పనిపడితే మునగాల రైతు తన రాజ్యంలోంచి బయటపడి, పరాయి రాజ్యంలో నడిచి, మళ్లీ తన రాజ్యంలోకి రావాలి. 1959లో మునగాలను నల్గొండ జిల్లాలో కలిపేశారు. ఆ రైతు మాత్రం ఎక్కడికీ కదల్లేదు.

ఇక్కడికి సగం భూగోళం అవతల ఒక జనానికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. 1848 ఫిబ్రవరి 2న గ్వాడలూప్ హిడాల్గో అనే ఊళ్లో మెక్సికో, అమెరికా ఒడంబడిక చేసుకున్నాయి. కాలిఫోర్నియా, నెవాడా, యూటా, న్యూ మెక్సికో ప్రాంతాలు మెక్సికో చేజారిపోయాయి. అక్కడున్న మెక్సికన్లకు ఏడాది గడువు పెట్టారు. మెక్సికో పౌరులుగా ఉంటారో, అమెరికా పౌరులవుతారో ఆలోగా తేల్చుకోవాలి. నోరు విప్పకుండా ఉన్నచోటే ఉన్నవాళ్లను అమెరికన్లుగా లెక్కవేసుకున్నారు. వాళ్ల వారసులు, తర్వాత వలసవచ్చి వాళ్లతో కలిసిపోయినవాళ్లు తాము చికానోలమని చెప్పుకున్నారు. సరిహద్దును తాము దాటలేదని, సరిహద్దే తమను దాటిపోయిందని వాళ్లలో నానుడిగా నిలిచిపోయిన మాట. పరిటాల తాత ఎవరైనా ఈ మాట వింటే కొత్తగా చెప్పించుకోవలసింది ఏమీ ఉండదు.

ఇంతకీ తేలవలసిన ప్రశ్న ఇది. గీత జరిగితే లోపలి మనిషి జరుగుతాడా? ఒకణ్ణి ఫలానావాడని చెప్పేది నేలా, భాషా, కాగితమా, లేక వాడు తనకు తాను చెప్పుకునే మాటా?

ఈ ప్రశ్నకు ఒక పాత జవాబు ఈ సరిహద్దు ఊళ్లలోదే అయిన జగ్గయ్యపేటలో ఉంది. ఊరి పక్క గుట్ట మీది ధనంబోడును 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. బౌద్ధ స్తూపం బయటపడింది. అక్కడ దొరికిన మాంధాత చక్రవర్తి శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. శిల్పం కన్నా ఇక్కడ పనికొచ్చేది ఒక శాసనం. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏట సిద్ధార్థుడనే పనివాడు స్తూపం తూర్పు వాకిలి దగ్గర అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టించాడు. నిలబెట్టించి తన గురించి చెప్పుకున్నాడు. తండ్రి కమ్మక రాష్ట్రంలోని నడతూరువాడు. తాను ఉండేది మహాకందూరూరులో. స్తంభాలు నిలిపింది వేలగిరిలో. తల్లి పేరు, భార్య పేరు, పిల్లల పేర్లు, తోడబుట్టినవాడి పేరు, అతని ఇంటివాళ్ల పేర్లు అన్నీ రాయి మీదికి ఎక్కాయి. భాష ప్రాకృతం. ఒక్క మనిషికి మూడు ఊళ్లు. వాటిలో ఏదో ఒకదాన్ని ఎంచుకొమ్మని అతన్ని ఎవరూ నిలదీసినట్టు లేదు.

ఇందులో పెద్ద చిక్కొకటి ఉంది. ఆ స్తూపం ఏ ధర్మానికి కట్టారో ఆ ధర్మం నేను అనేదే లేదని చెబుతుంది. బౌద్ధ గ్రంథంలో మిలింద రాజు నాగసేనుడనే భిక్షువును పేరు అడిగితే, అది పిలుచుకోవడానికి పెట్టుకున్న మాటే తప్ప ఆ పేరుతో విడిగా ఎవరూ లేరని ఆ భిక్షువు జవాబిచ్చాడు. చక్రం రథం కాదు, ఇరుసు రథం కాదు, కాడి రథం కాదు. అన్నీ కూడినప్పుడు వాడుకకు రథం అంటాం. మనిషీ అంతే. అయినా ఆ ధర్మాన్ని నమ్మి తలవంచిన సిద్ధార్థుడు ఇంటిల్లిపాది పేర్లూ చెక్కించాడు. ఇది అజ్ఞానం కాదు. పేరు శాశ్వతం కాదని తెలిసినవాడు కూడా తనవాళ్లను పేరుపెట్టి తలచుకుంటాడు. వేదాంతం నామరూపాలను వదిలేయమంటుంది. మంచిదే. కానీ పేరును తేలిగ్గా వదిలేయగలిగేది ఆ పేరు చెబితే ఎవరూ నవ్వనివాడు. నలుగురిలో తన ఊరు, తన మాట నవ్వులపాలైనవాడికి ముందు ఆ పేరు తనదిగా దక్కాలి. దక్కాక వదులుకుంటే అది త్యాగం. దక్కకముందే వదిలించుకుంటే అది ఓటమి.

1921 నవంబరులో హైదరాబాదులో ఇదే జరిగింది. వివేకవర్ధనిలో సంఘ సంస్కరణ మహాసభ పెట్టారు. కార్వే మహాశయుడు అధ్యక్షుడు. ఉర్దూలో మాట్లాడారు, మరాఠీలో మాట్లాడారు, ఇంగ్లీషులో మాట్లాడారు. ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మొదలుపెట్టగానే సభలో ఎగతాళి రేగింది. తెలుగువాళ్లే ఎక్కువమంది ఉన్న రాజ్యం అది. ఆ అవమానంలోంచి పుట్టింది ఆంధ్ర జన సంఘం. దాన్ని పెంచి పెద్దచేసిన మాడపాటి హనుమంతరావు 1885లో పుట్టింది నందిగామ తాలూకా పొక్కునూరులో. ఎదిగిందీ పనిచేసిందీ నిజాం ఇలాకాలో. తెలంగాణ ఆయనను ఆంధ్ర పితామహుడని పిలుచుకుంది. ఆ మాట దగ్గర కాస్త ఆగాలి. ఆనాడు తెలంగాణవాడు తలెత్తుకోవడానికి ఎంచుకున్న పేరు 'ఆంధ్ర'. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చేసరికి అదే నేల మీద ఆ పేరు అవతలివాడికి గుర్తయింది. చికానో అనే మాట దీనికి ఎదురు దారిలో నడిచింది. మొదట అది కూలినాలి చేసుకునే మెక్సికన్లను చిన్నచూపుతో పిలిచే పిలుపు. స్పానిష్ మాట్లాడినందుకు టెక్సాస్ బడుల్లో దెబ్బలు తిన్న తరం పిల్లలు 1960లలో దాన్నే జెండాకెత్తారు. ఒక పేరు గౌరవంలోంచి గొడవలోకి, ఇంకొకటి తిట్టులోంచి గౌరవంలోకి వెళ్లాయి. కాబట్టి పేరులో దానికై అదిగా ఏమీ లేదన్న నాగసేనుడి మాట నిజమే. దాన్ని ఎవరు, ఎవరి పక్కన నిలబడి పలికారన్నదే దాని విలువను తేల్చింది.

కొమర్రాజు వెంకట లక్ష్మణరావును చూడండి. 1877లో పెనుగంచిప్రోలులో పుట్టారు. నాగపూరులో చదివారు, మరాఠీలో వ్యాసాలు రాశారు. మునగాల సంస్థానానికి దివానయ్యారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టడంలో ముందు నిలిచారు. అక్క భండారు అచ్చమాంబ పెళ్లయి మధ్య పరగణాలకు వెళ్లిపోయి, తెలుగు వినపడని ఊళ్లలో కూర్చుని, 1902లో 'ధనత్రయోదశి' కథ తెలుగులో రాశారు. వీళ్లను ఏ గీతకు ఏ వైపున కట్టేయగలం? తెలుగు విజ్ఞానానికి పునాది వేసినవాళ్లలో ఇద్దరు ఈ మెట్ట ఊళ్లవాళ్లు కావడం ఊరికే జరగలేదు. రెండు రాజ్యాలు, మూడు భాషలు రోజూ ఎదురయ్యే చోట పుట్టినవాడికి తన భాష ఉచితంగా దొరికిన గాలిలా అనిపించదు. దాన్ని చూసుకోవాలనిపిస్తుంది.

ఇక నవ్వు సంగతి. అవమానం నవ్వుతో మొదలైతే విరుగుడూ నవ్వులోనే దొరికింది. 1965లో కాలిఫోర్నియాలోని డెలానోలో ద్రాక్షతోటల కూలీలు సమ్మె కట్టారు. లూయిస్ వాల్దెజ్ అనే యువకుడు ఆ కూలీలతోనే నాటకాలు ఆడించాడు. లారీ వెనక బల్లే రంగస్థలం. తెరలు లేవు, సామాను లేదు. ఒకడి మెడలో యజమాని అని రాసిన అట్ట, ఇంకొకడి మెడలో సమ్మె విరిచేవాడని రాసిన అట్ట. పొద్దున్నే ఎవరి ముందు తలవంచుకున్నాడో ఆ దొర వేషాన్ని సాయంత్రం కూలీ తానే కట్టి, తోటివాళ్లను కడుపుబ్బ నవ్వించాడు. భయం అక్కడ సగం చచ్చింది.

తెలుగువాళ్లకు ఇది కొత్త విద్య కాదు. బుర్రకథలో కథకుడికి ఒక పక్క రాజకీయం చెప్పే వంత, ఇంకో పక్క హాస్యం చెప్పే వంత ఉంటారు. ఇద్దరిలో ఒకరు లేకపోయినా కథ నడవదు. నిజాం వ్యతిరేక పోరాట కాలంలో ప్రజానాట్యమండలి బుర్రకథలు, సుంకర, వాసిరెడ్డి రాసిన 'మాభూమి' నాటకం సర్కారు జిల్లాల ఊళ్లను కదిలించాయి. అవతలి గట్టు కష్టాన్ని ఇవతలి గట్టు జనం తమదిగా విన్నారు. తర్వాత సినిమా వచ్చి ఆ హాస్యాన్ని తలకిందులు చేసింది. దశాబ్దాల పాటు తెలంగాణ యాసను నౌకరు నోట, రౌడీ నోట పెట్టి నవ్వించింది. 2017లో 'ఫిదా' నాయిక ఆ మాటే తలెత్తి మాట్లాడితే ఇరుపక్కలా జనం మెచ్చారు. ఇంతకాలం నవ్వినవాళ్లు ఏం పోగొట్టుకున్నారో అప్పుడు తెలిసింది. పక్కన కూర్చుని నవ్వేది చుట్టరికం. పైన కూర్చుని నవ్వేది పెత్తనం. జగ్గయ్యపేట మనిషికి రెండూ తెలుసు. బెజవాడ వెళ్తే మాటలో తెలంగాణ ఉందంటారు. హైదరాబాదు వెళ్తే ఆంధ్రా అంటారు.

1987లో చీచ్ మారిన్ 'బోర్న్ ఇన్ ఈస్ట్ ఎల్.ఎ.' అనే సినిమా తీశాడు. లాస్ ఏంజెలస్‌లో పుట్టి పెరిగిన చికానో ఒకడు జేబులో గుర్తింపు కార్డు లేక పట్టుబడి మెక్సికోకు గెంటివేతకు గురవుతాడు. అక్కడి భాష అతనికి సరిగ్గా రాదు. జనం పడీపడీ నవ్విన సినిమా అది. 2020 మార్చి ఆఖరులో అటువంటి ఘట్టమే నవ్వుకు చోటులేకుండా ఆంధ్ర, తెలంగాణ సరిహద్దులోని గరికపాడు దగ్గర జరిగింది. లాక్‌డౌన్‌తో హైదరాబాదు హాస్టళ్లు మూతపడ్డాయి. పోలీసు కాగితాలు తీసుకుని సొంతూళ్లకు బయలుదేరిన పిల్లలను రాష్ట్రం సరిహద్దులో ఆపేశారు. జాతీయ రహదారి మీద, సంచులు ముందేసుకుని వందల మంది. రాష్ట్రం రెండుగా విడిపోయిన 2014 జూన్ 2కు ముందు ఆ చోట ఆపాల్సిన పనే లేదు. వ్యాధిని అడ్డుకోవడం అవసరమే కావచ్చు. కానీ ఇంటికి వెళ్తున్న పిల్లను నీది ఏ రాష్ట్రమని అడగడానికి, నీకేం కావాలని అడగడానికి మధ్య ఎంత దూరముందో ఆ రాత్రి తెలిసింది.

గీతలు ఇంకా జరుగుతూనే ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4 నుంచి జగ్గయ్యపేట, నందిగామ ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. వేదాద్రి, ముక్త్యాల కృష్ణ ఒడ్డునే ఉన్నాయి, కృష్ణా జిల్లాలో లేవు. నాగార్జునసాగర్ కోసం ఊరూరా తిరిగి పోరాడిన ముక్త్యాల రాజా సొంత ప్రాంతానికి ఎడమ కాలువ నీళ్లు తెలంగాణ దాటుకునే వస్తాయి. నీళ్లకు ఏ జిల్లా ముద్రా లేదు. పంచేవాళ్లకు ఉంది.

దేవతలు ఈ విషయంలో ఎటు నిలిచారు? 1966లో డెలానో కూలీలు శాక్రమెంటో దాకా ఇరవై అయిదు రోజులు నడిచినప్పుడు ముందు నడిచింది గ్వాడలూప్ అమ్మవారి పటం. నేలను వదులుకున్న ఒడంబడిక జరిగిన ఊరూ ఆ అమ్మవారి ఊరే. నేల పోయినా అమ్మ వాళ్లతో వచ్చింది. మునేరు ఒడ్డున పెనుగంచిప్రోలు తిరుపతమ్మ దగ్గరికి ఖమ్మం, నల్గొండ వైపు నుంచీ జనం వస్తారు, నందిగామ వైపు నుంచీ వస్తారు. రెండేళ్లకోసారి అమ్మవారిని, గోపయ్య స్వామిని, సహదేవతలను ఊరేగింపుగా జగ్గయ్యపేట రంగుల మండపానికి తీసుకొస్తారు. పాత రంగుల మీద కొత్త రంగులు వేస్తారు. చీర రంగు, బుగ్గ మీది పసుపు, కంటి కాటుక అన్నీ కొత్తవే. మళ్లీ ఊరేగింపుగా పెనుగంచిప్రోలు చేరుస్తారు. దారి పొడవునా ఎదురొచ్చి నీళ్లు వారబోసే జనంలో ఎవరూ పాత అమ్మ ఏదని అడగరు. రంగు మారినా అమ్మ మారదని పండితుడు చెప్పక్కర్లేదు, బిందె పట్టుకుని నిలబడ్డ ఆడమనిషికి తెలుసు. జిల్లా పేరు, రాష్ట్రం పేరు ఆ రంగుల లాంటివే. అక్కర్లేదనలేం, అవే అమ్మ అనీ అనలేం.

చికానోలు తమ కథను తామే రాసుకున్నారు. విశ్వవిద్యాలయాల్లో శాఖలు పెట్టించుకున్నారు, గోడల మీద బొమ్మలు వేసుకున్నారు. పరిటాల, మునగాల కథలు మాత్రం నందిగామ బళ్లలో పిల్లలకు పాఠంగా చెప్పవలసినంతగా చెప్పడం లేదు. ఈ ఊళ్లలో ఉన్నవాళ్లకు ఒక విన్నపం. నవాబు పొలిమేరను కాళ్లతో దాటి బడికో సంతకో వెళ్లినవాళ్లు మీ ఇళ్లల్లో, మీ వీధిలో ఇంకా ఉండొచ్చు. 1948లో పదేళ్ల పిల్లలకు ఇప్పుడు ఎనభై అయిదు దాటింది. ఈ ఆదివారమే వెళ్లి పక్కన కూర్చోండి. ఏ ఊరి దగ్గర గీత ఉండేదో, దాటేటప్పుడు ఏమని అడిగేవారో, వాళ్లు ఏమని చెప్పేవారో, దాని మీద ఏం జోకులు వేసుకునేవారో అడిగి, వాళ్ల మాటల్లోనే రాసిపెట్టండి.