వెనుక వచ్చువాని వంతు

ధ్యానభాగము: 1 కొరింథీయులకు 11:17–34



స్నేహితులు ఒక బల్లయొద్ద కూడి భుజించుట దేవుడు మనకిచ్చిన మేలులలో ఒకటి. అమెరికా దేశమందలి న్యూయార్కు నగరములో, బ్రూక్లిన్ అను భాగమున, 1887లో మొదలై నేడు పీటర్ లూగర్ అను పేరున నడుచుచున్న భోజనశాల యొకటి కలదు. గొడ్డుమాంసమును పెద్ద ముక్కలుగా కాల్చి వడ్డించు ఇట్టి శాలలను స్టేక్‌హౌసులందురు. స్నేహితులు గుంపుగా వచ్చి, ఇద్దరికని, ముగ్గురికని, నలుగురికని లెక్కచెప్పి మాంసము తెప్పించుకొందురు. ఆ మాంసమును కొన్ని వారములు చల్లని గదిలో ఆరనిచ్చి, మిక్కుటమైన వేడిలో కాల్చి, కోసి, అందరికిని ఒకే పళ్లెములో పెట్టుదురు. నడుమ ఎముక యుండును. దానికి ఒక ప్రక్క మాంసము బహు మెత్తన, కాని కొంచెమే. రెండవ ప్రక్కది కొంత గట్టిది, అది ఎక్కువ.

స్నేహము ఏపాటిదో ఆ పళ్లెమువద్దనే తెలియును. ముందు చెయ్యి చాచినవాడు మెత్తని ముక్కలన్నియు తీసికొనినయెడల, వెనుక వచ్చువానికి ఎముకయే మిగులును.

దూరదేశపు సంగతి మనకేల అందుమా? కొరింథు సంఘములో జరిగినది ఇదే. ఆ కాలపు సంపన్నుల యిండ్లలో భోజనపు గది చిన్నది. సుమారు 9 మందికి మాత్రమే చోటుండెడిది. కలిగినవారు ముందుగా వచ్చి తిని త్రాగిరి. లేనివారు వచ్చి ఆకలితో నిలిచిరి. అది ప్రభువు భోజనము కానేకాదని పౌలు గద్దించెను. ఒకరు వచ్చువరకు ఒకరు ఆగవలెనని ఆజ్ఞాపించెను. మాంసము తినుట తప్పని ఆయన చెప్పలేదు. అంగడిలో అమ్మునది తినవచ్చునని 10వ అధ్యాయములో సెలవిచ్చియే యున్నాడు. తప్పు మాంసములో లేదు, ఆగని చేతిలో ఉన్నది.

ఈ మాట వ్రాయుటకు మేము సిగ్గుపడుచున్నాము. ఒక కోతపండుగ సాయంకాలమున మా సంఘములో ప్రేమవిందు జరిగెను. పెద్దలమైన మేము మొదటి బంతిలో కూర్చుంటిమి. కోతకు పోయిన స్త్రీలు దీపాలు పెట్టిన తరువాత వచ్చిరి. అప్పటికి ముక్కలు అయిపోయెను, పులుసు మాత్రము మిగిలెను. ఒక తల్లి ఆ పులుసన్నమే కలిపి బిడ్డకు పెట్టుచు, మమ్మును ఒక్క మాటయు అనలేదు. అనియుండినయెడల మాకు ఇంత బాధ లేకపోవును. మేము ఆ దినమున దేవుని సన్నిధికి తెచ్చిన పనలు ఆమె చేతులు కోసినవే.

కాబట్టి ప్రియులారా, ఇకమీదట విందు చేయునప్పుడు కూర దించగానే రానివారి వంతు వేరొక గిన్నెలో తీసి మూతపెట్టుడి. పెద్దలు కడపటి బంతిలో కూర్చుండుడి. కూలికి పోయినవారు ఏ వేళకు వత్తురో ముందుగా అడిగి, ఆ వేళకే విందు పెట్టుడి. వెనుక వచ్చినవారికి మిగిలినది కాదు, వారి వంతే అందవలెను. నోటి రుచికొరకు మనుష్యులు మాంసమును వారముల తరబడి ఆగనిత్తురు. క్రీస్తు ప్రాణము పెట్టి కొనిన సహోదరి కొరకు మనము ఒక గంట ఆగలేమా?

ప్రభువా, శిష్యుల పాదములు కడిగిన నీవు మా తొందరపాటును క్షమించుము. నీ బల్లయొద్ద మాకు చోటిచ్చినట్లు, మా బంతిలో వెనుక వచ్చువారికి చోటుంచు మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.