ప్రశ్నించువారి ఋణము

సంఘమును సంస్కరింపగోరువాడు ముందుగా సంఘస్థితిని తెలిసికొనవలెను. అందులకై ఈ కాలమున అంతర్జాలమున ప్రశ్నావళులను పంపుచున్నారు. ఆదాయమెంత, మద్యపానము కలదా, భర్త ఎన్నడైన చేయిచేసికొనెనా అని అడుగుచు, మీరెవ్వరో ఎవ్వరికిని తెలియదని పైన నొక వాక్యము వ్రాయుదురు. ఆ వాక్యమును నమ్మియే జనులు తోబుట్టువులకైన చెప్పని మాటను చెప్పుచున్నారు. కావున నది మర్యాదకు వ్రాసిన మాట కాదు, ప్రమాణము. దానిని చెల్లించుటెట్లు?

పేరు కొట్టివేసినంతమాత్రమున మనిషి మరుగుపడునని పలువురు తలంతురు. ఇది భ్రమ. పల్లెలో "పడమటివీథి చివరయింటి బడిపంతులుగారి భార్య" అన్నచో ఇక పేరేల? అమెరికాలో లతాన్యా స్వీనీ అను విదుషి 1990 జనాభా లెక్కలను పరిశీలించి, పుట్టినతేది, స్త్రీపురుషభేదము, అయిదంకెల తపాలా సంఖ్య అను మూడింటిచేతనే ఆ దేశజనులలో నూటికి 87 మందిని ప్రత్యేకముగా గుర్తింపవచ్చునని 2000 సంవత్సరమున అంచనా వేసిరి. 2006లో ఏవోయల్ కంపెనీ సుమారు 6,50,000 మంది వెదకిన మాటలను, పేర్లు తీసి సంఖ్యలు పెట్టి ప్రకటించెను. కొలది దినములలోనే పత్రికా విలేఖరులు అందొక స్త్రీని కనుగొనిరి. ఆమె వెదకిన మాటలే ఆమెను పట్టియిచ్చినవి.

మరియొక చిక్కు కలదు. ప్రశ్నావళి పేరడుగకున్నను, యంత్రము చిరునామాను, కాలమును లోలోపల వ్రాసికొనవచ్చును. జాతీయ కుటుంబారోగ్య సర్వేలో గృహహింసను గూర్చిన ప్రశ్నలను ఇంటి కొక్క స్త్రీనే, అదియు నేకాంతము దొరికిననే, అడుగుదురు. ఎవరైన లోనికి వచ్చినచో అడుగునామె మాట మార్పగలదు. అంతర్జాల ప్రశ్నావళికి కన్నులు లేవు. ఫోను వెనుక నెవరు నిలిచియున్నారో అది యెరుగదు.

తప్పు చేయనివారికి దాపరికమేల యని కొంద రాక్షేపింతురు. దెబ్బలు తిన్న స్త్రీ చేసిన తప్పేమి? అయినను మాట బయటపడినచో దండన ఆమెకే. వివరములు తగ్గించినచో జ్ఞానము తగ్గునను ఆక్షేపణ ఇంతకంటె బలమైనది. వయస్సు తెలియక, బాధ ఏ వయస్సువారి కెక్కువయో చెప్పుటెట్లు? నిజమే. కాని పుట్టినతేదికి బదులు పదేండ్ల వర్గము, గ్రామమునకు బదులు జిల్లా చాలును. ఒక వర్గమున నిద్దరు ముగ్గురే యున్నచో ఆ లెక్కను అచ్చువేయకుండుట మేలు.

నిజమును దాచియు లెక్క రాబట్టు ఉపాయమును 1965లో స్టాన్లీ వార్నర్ చూపెను. దాని కొక సులభరూప మిది. జవాబిచ్చువాడు చాటున నాణెమెగురవేయును. బొమ్మ పడినచో నిజము చెప్పవలెను. బొరుసు పడినచో నిజమేదైనను "అవును" అనవలెను. 1000 మందిలో 600 మంది "అవును" అన్నారనుకొందము. సుమారు 500 నాణెము పలికించినవి. తక్కిన 500 మందిలో 100 మంది, అనగా నూటికి 20 మంది, నిజముగా నట్టివారు. సంఘస్థితి తెలిసినది, ఏ యొక్కని "అవును"నకును అర్థము తెలియలేదు.

అజ్ఞాతత్వము వేరు, గోప్యత వేరు. అడిగినవానికే తెలియకుండుట మొదటిది. తెలిసియు చెప్పకుండుట రెండవది. రెండవదానిని మాత్రమే ఇయ్యగలవాడు మొదటిదాని పేరు వాడుట అసత్యము. సత్యమును సేకరించుపని అసత్యముతో నారంభింపరాదు.

ఆంతరంగికత ప్రాథమికహక్కని మన సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పినది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టము పుట్టినది. అవి మేలే. కాని చట్టము పిమ్మట దండింపగలదే కాని, వెలువడిన రహస్యమును మరల లోనికి పంపజాలదు. నేడు మన యిండ్లలోని విద్యార్థులు సయితము ప్రశ్నావళులు కూర్చుచున్నారు. ప్రతి ప్రశ్నకును ముందు, "ఈ జవాబుతో నాకేమి పని?" అని తమ్ము తామడిగికొనవలెను. పనిలేనిచో ఆ ప్రశ్నను విడువవలెను. అడుగని రహస్యము మనచేతినుండి జారిపోదు.