గరగర ఎవరిది?

కారులో పాట పెట్టగానే ఎడమ డోరులోంచి గరగరమని వినపడితే ఎవరైనా అనే మొదటి మాట ఒకటే: "స్పీకర్ పోయింది." నిజానికి ఇందులో రెండు మాటలున్నాయి. శబ్దం స్పీకర్లోంచి వస్తోందన్నది చెవి చెప్పింది. తప్పు స్పీకర్‌దన్నది మనం చేర్చాం.

స్పీకర్ పాపం, వరసలో అన్నిటికన్నా చివర ఉంటుంది. దానికి ముందు స్టీరియో, అందులో ఆంప్లిఫయర్, వెనక కనెక్టర్, డాష్‌బోర్డు కింద పాకే తీగ. ఆ తీగ బాడీకీ డోరుకీ మధ్య ఒక రబ్బరు గొట్టంలోంచి దూరుతుంది. డోరు తీసి వేసినప్పుడల్లా అక్కడే వంగుతుంది. ఏళ్ళ తరబడి వంగీ వంగీ లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే తెగిపోతాయి, పైన తొడుగు మాత్రం కొత్తదానిలానే ఉంటుంది. వీటిలో దేనికీ నోరు లేదు. నోరున్నది స్పీకర్‌కి ఒక్కదానికే. అందుకని ఎవరి జబ్బయినా దాని గొంతులోనే పలుకుతుంది.

నేను పనిచేసిన ఒక టీములో, చేరి ఏడాదిన్నర కూడా కాని ఒక అమ్మాయి ఉండేది. తను చూసే పేజీ నాలుగు నెలల్లో మూడుసార్లు పడిపోయింది. కస్టమర్లకి కనపడేది ఆ పేజీయే, దాని వెనకున్న ఐదారు సర్వీసులు కాదు. రివ్యూలో తనకి రావలసిన రేటింగ్ వచ్చింది, అంటే రాకూడనిది. తను టీము మారింది. అదే పేజీ ఒక సీనియర్ చేతికి వెళ్ళింది. మళ్ళీ పడిపోయింది. ఈసారి మాత్రం అందరూ వెనక సర్వీసుల లాగులు తెరిచారు. ఆ అమ్మాయి రేటింగ్‌ని ఎవరూ తిరిగి తెరవలేదు.

కారు విషయంలో మనం ఇంతకన్నా న్యాయంగా ఉంటాం. స్టీరియో వెనక ఎడమ తీగ స్థానంలో కుడిది, కుడి స్థానంలో ఎడమది బిగించి చూస్తాం. గరగర కుడి డోరుకి వెళ్ళిపోయిందా, స్పీకర్ నిర్దోషి, రోగం స్టీరియోలో ఉంది. ఎడమ డోరులోనే ఉండిపోయిందా, అప్పుడు తీగో స్పీకరో. మల్టీమీటర్ పెడితే 4 ఓమ్‌ల స్పీకర్ 3, 3.5 చూపిస్తుంది, అది మామూలే. అసలేమీ చూపకపోతే కాయిల్ తెగినట్టు. కానీ కాయిల్ లోపల ఎక్కడో రాసుకుంటుంటే మీటరుకి తెలీదు. దానికి మళ్ళీ మార్పిడే: కుడి స్పీకర్ విప్పి ఎడమ డోరులో పెట్టి వినాలి.

జాన్ స్టూవర్ట్ మిల్ 1843లో 'ఎ సిస్టమ్ ఆఫ్ లాజిక్'లో ఇలాంటి పరీక్షకి 'మెథడ్ ఆఫ్ డిఫరెన్స్' అని పేరు పెట్టాడు. మన తర్కంలో అన్వయవ్యతిరేకాలున్నాయి: అది ఉంటే ఇది ఉండాలి, అది లేకపోతే ఇది పోవాలి. రెండూ చూడాలి. మొదటిది చూసి ఊరుకుంటే కాకతాళీయం, కాకి వాలింది, తాటిపండు పడింది. మన రివ్యూలు చాలావరకు ఈ కాకి దగ్గరే ఆగిపోతాయి.

తెలీక ఆగిపోతాయని నేననుకోను. ఆ పరీక్షకి ఖర్చుంది. ఆంప్లిఫయర్ చెడి డీసీ పంపుతుంటే, దాని ముందు తెచ్చిపెట్టిన మంచి స్పీకర్ కాయిల్ కూడా మాడిపోవచ్చు. అనుమానితుణ్ణి పరీక్షించాలంటే మంచి పేరున్నవాణ్ణి తెచ్చి అదే చోట నిలబెట్టాలి. ఆ మంచి పేరుని పణంగా పెట్టడానికి ఆఫీసులో గానీ ఇంట్లో గానీ ఎవరూ ఒప్పుకోరు. చవగ్గా తేలేది స్పీకర్ మార్చడమే. చాలాసార్లు చేసేది కూడా అదే.

ఇంతా చేసి, ఈ పరీక్షకి అందని రోగం ఒకటుంది. ముందు రెండు స్పీకర్లే ఉన్న కారు అనుకోండి. ఒకదానికి ప్లస్ తీగ మైనస్‌లో బిగించారు. విడిగా వింటే రెండూ భేషుగ్గా ఉంటాయి. మీటర్ పెట్టినా, డోర్లు మార్చినా వంక దొరకదు. కలిపి మోగిస్తే మాత్రం బేస్ మాయం. ఒక కోన్ ముందుకి తోసిన గాలిని రెండోది వెనక్కి లాగేస్తుంటుంది. బ్యాలెన్స్ పూర్తిగా ఒక పక్కకి తిప్పితే, విచిత్రంగా, ఒక్క స్పీకరే రెండిటికన్నా నిండుగా మోగుతుంది. "ఇద్దరూ మంచివాళ్ళే, ఏమైందో మరి" అని పెళ్ళిళ్ళ గురించి పెద్దవాళ్ళు నిట్టూరుస్తుంటారే, అదీ సంగతి. ఎవరిది తప్పు అని అడిగినంతసేపూ ఇది దొరకదు, ఆ ప్రశ్న ఎప్పుడూ ఒకరినే చూస్తుంది కాబట్టి.

బిగించినవాడిది కదా తప్పు అంటారేమో. సరే, వాడిదే. కానీ బాగుచేసేటప్పుడు ఎడమదాన్ని తిప్పినా చాలు, కుడిదాన్ని తిప్పినా చాలు. రెండూ తిరగబడి ఉన్నా బేస్ బాగానే వస్తుంది. ఏది సరైనదన్నది పాటకి పట్టదు. నేను ఎడమదాన్ని తిప్పాను. మా పార్కింగులో కుడి డోరు పక్కన స్తంభం అడ్డం.