శివారు వంతు: సర్వర్ల పనితీరును కనిపెట్టి ఉండేవారికి ఒక లేఖ

ఘంటసాల



ప్రజలకు సేవలందించే సర్వర్ల పనితీరును కనిపెట్టి చూసే ఉద్యోగంలో కొత్తగా చేరినవారు యంత్రాల సంగతి నేర్చుకోవడానికి ముందే, ఆ యంత్రాల కోసం ఎవరు ఎదురుచూస్తున్నారో తెలుసుకోవడం అవసరం. 2011లో మీసేవ కేంద్రాలు మొదలయ్యాయి. 2015లో అడంగల్, 1బి అనే భూమి రికార్డుల వివరాలను ఎవరైనా చూసుకొనే వీలు కల్పిస్తూ మీభూమి పోర్టల్ వచ్చింది. 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయాలు వీటికి తోడయ్యాయి. దీంతో పంట రుణం కోసమో, పంట నమోదు కోసమో ఒక కాగితం కావలసిన రైతుకూ, అతని సొంత పొలం వివరాలకూ నడుమ అతడు ఎన్నడూ చూడని డేటా సెంటర్ ఒకటి వచ్చి నిలిచింది. అక్కడ ఏ అవాంతరం కలిగినా ఇక్కడ కౌంటరు దగ్గర వినబడేది "సర్వర్ డౌన్, రేపు రండి" అన్న మాట ఒక్కటే. ఒక రోజు కూలి పోగొట్టుకొని వచ్చిన మనిషికి ఆ మాటతో వెనుదిరగక తప్పదు కాబట్టి, దాని వెనుకనున్న నిజమైన కారణాన్ని వెలికితీసి చూపడం సర్వర్ నిర్వాహకుల ధర్మం.

ఒకప్పుడు ఒక్కొక్క పనికి ఒక్కొక్క సర్వర్ ఉండేది, వాటిలో చాలావాటికి రోజులో ఎక్కువ భాగం పని ఉండేది కాదు. ఇప్పుడు ఒక పెద్ద సర్వర్ మీద హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ పొరను ఉంచి, ఆ యంత్రం ప్రాసెసర్‌ను, మెమరీని, డిస్కును వాటాలుగా పంచి, ప్రతి వాటా తానే ఒక పూర్తి కంప్యూటర్‌నన్నట్టు పనిచేసేలా చేస్తారు. ఆ వాటానే వర్చువల్ మెషీన్ లేదా గెస్ట్ అంటారు, మోసే యంత్రాన్ని హోస్ట్ అంటారు. ఐబీఎం 1972లోనే వీఎం/370 పేరుతో ఈ పద్ధతిని తన పెద్ద కంప్యూటర్ల కోసం విడుదల చేసింది. 1998లో స్థాపితమైన వీఎంవేర్ దాన్ని మామూలు సర్వర్లకు తెచ్చింది. 2007లో కేవీఎం అనే హైపర్‌వైజర్ లినక్స్ కెర్నల్‌లో భాగమైంది. ప్రభుత్వ సేవలూ ఇలాంటి యంత్రాల మీదికి చేరాయి: జాతీయ ఇన్ఫర్మాటిక్స్ కేంద్రం నడిపే జాతీయ డేటా సెంటర్లలో ఒకటి హైదరాబాదులోనే ఉంది, మేఘరాజ్ అనే ప్రభుత్వ క్లౌడ్ సేవ 2014లో మొదలైంది.

ఈ పంపకంలో ఒక వాగ్దానం దాగి ఉంది. అందరూ ఒకేసారి పని అడగరన్న నమ్మకంతో, 32 కోర్లున్న హోస్ట్ మీద గెస్టులన్నింటికీ కలిపి 100 వర్చువల్ కోర్లను కూడా కేటాయిస్తారు. ఉన్నదానికంటే ఎక్కువ పంచడం దానంతట అది తప్పు కాదు; పంచిన తర్వాత ఎవరికి ఎంత అందుతున్నదో కొలవకపోవడమే తప్పు. కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినవారికి ఇది కొత్త విషయమేమీ కాదు. 1855లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చిన తర్వాత కూడా, విజయవాడలో వదిలిన నీరు ఎగువ ఆయకట్టు తడిసిన పిమ్మటే ఘంటసాలకూ, దివిసీమ శివారు భూములకూ చేరుతున్నది. నాట్ల రోజుల్లో బ్యారేజీ దగ్గర క్యూసెక్కుల లెక్క నిండుగానే కనిపిస్తుంది, కానీ నారు ముదిరిపోతున్న శివారు రైతుకు వంతు అందిందా లేదా అన్నది ఆ లెక్కలో ఉండదు. అది తెలియాలంటే కాలువ చివరనున్న తూము దగ్గరికి వెళ్లి చూడవలసిందే.

హోస్ట్ మొత్తం మీద ప్రాసెసర్ వాడకం ఎంత శాతమన్న అంకె బ్యారేజీ లెక్క లాంటిది. చివరి తూము దగ్గరి లెక్కను వీఎంవేర్ పరిభాషలో సీపీయూ రెడీ అంటారు: వర్చువల్ మెషీన్ పని చేయడానికి సిద్ధంగా ఉండి కూడా, నిజమైన కోర్ ఖాళీ లేక ఆగిపోయిన కాలం అది. కేవీఎం, జెన్ వంటి హైపర్‌వైజర్ల మీద నడిచే లినక్స్ గెస్టులో టాప్ అనే ఆదేశమిస్తే ఎస్‌టీ అన్న అక్షరాల పక్కన కనిపించే స్టీల్ టైమ్ కూడా ఈ జాతిదే. వీఎంవేర్ నిర్వహణ పనిముట్టైన వీసెంటర్ తాజా గ్రాఫులో ప్రతి బిందువు 20 సెకన్ల కాలానిది. ఆ 20 సెకన్లలో ఒక వర్చువల్ కోర్ 1,000 మిల్లీసెకన్లు ఎదురుచూసిందంటే 5 శాతం కాలం వృథాగా పోయిందన్నమాట. నాలుగు వర్చువల్ కోర్లున్న మెషీన్‌కు గ్రాఫు చూపే మొత్తాన్ని నాలుగుతో భాగించిన తర్వాతే ఒక నిర్ణయానికి రావాలి. కోర్‌కు 5 శాతం దాటితే ఆరా తీయడం, 10 శాతం దాటితే ఆలస్యం లేకుండా సర్దుబాటు చేయడం అనుభవజ్ఞులు పాటించే పద్ధతి. గెస్ట్ లోపలి నుంచి చూస్తే ప్రాసెసర్‌లో సగం ఖాళీగా ఉన్నట్టు కనబడుతున్న సమయంలోనే బయట ఈ నిరీక్షణ సాగుతూ ఉండవచ్చు కాబట్టి, లోపలి లెక్క ఒక్కదాన్నే నమ్మి ఫిర్యాదును తోసిపుచ్చడం అన్యాయం.

ఇక్కడే నిర్వాహకులకు మొదటి పరీక్ష ఎదురవుతుంది. పలుకుబడి ఉన్న విభాగం తన అప్లికేషన్ నెమ్మదిగా ఉందంటూ నాలుగు కోర్ల స్థానంలో పదహారు అడుగుతుంది, ఇచ్చేస్తే ఆ పూటకు గొడవ సద్దుమణుగుతుంది. అయితే వీఎంవేర్‌లో ఒక మెషీన్‌కు చెందిన వర్చువల్ కోర్లన్నీ దాదాపు కలిసి అడుగు వేయాలి. ఒకటి వెనుకబడితే మిగిలినవాటిని హైపర్‌వైజర్ ఆపుతుంది, ఆ ఆగిన కాలాన్ని కో-స్టాప్ అంటారు. అందువల్ల అవసరానికి మించిన కోర్లు అడిగినవారికే భారం కావచ్చు, నోరు లేని చిన్న విభాగాల వంతును మరింత వెనక్కి నెట్టవచ్చు. కొలతలు చూపించి, వినయంగా, గట్టిగా కాదని చెప్పగలగడం ఈ ఉద్యోగంలో సాంకేతిక పరిజ్ఞానమంత ముఖ్యం.

మెమరీ విషయంలో చూడవలసినవి రెండు. హోస్టుకు మెమరీ చాలనప్పుడు గెస్టులో ఉన్న బెలూన్ డ్రైవరు ఉబ్బి, అక్కడి మెమరీని వెనక్కి ఇప్పిస్తుంది. అదీ చాలకపోతే హోస్ట్ ఆ మెమరీని డిస్కు మీదికి నెడుతుంది, దాన్ని స్వాపింగ్ అంటారు. మొదటిది హెచ్చరిక అయితే రెండవది ప్రమాదం. స్టోరేజి విషయంలో, ఈఎస్ఎక్స్‌టాప్ అనే పనిముట్టు డిస్కు వైపు జాప్యాన్ని, హైపర్‌వైజర్ లోపలి జాప్యాన్ని విడివిడిగా చూపుతుంది కాబట్టి, తప్పు పక్క విభాగానిదని వేలు చూపే ముందు ఆ రెండు అంకెలనూ చూడాలి.

సగటు లెక్కల విషయంలో మాత్రం ఎంత జాగ్రత్త పడినా చాలదు. వీసెంటర్ మామూలు అమరికలో 20 సెకన్ల కొలతలు కొద్దిసేపే నిలుస్తాయి. ఒక రోజు వరకు 5 నిమిషాల సగటులు, వారం వరకు అరగంట సగటులు, నెల వరకు 2 గంటల సగటులు, ఏడాది వరకు రోజువారీ సగటులు మాత్రమే మిగులుతాయి. పదో తరగతి ఫలితాలు వచ్చిన ఉదయం 20 నిమిషాలపాటు సేవ స్తంభించి, దాని మీద పది రోజుల తర్వాత ఫిర్యాదు అందితే, అప్పటికి మిగిలిన 2 గంటల సగటులో ఆ 20 నిమిషాల ఇబ్బంది కరిగిపోయి, అంతా సవ్యంగా నడిచినట్టే కనిపిస్తుంది. అబద్ధం ఎవరూ ఆడకుండానే ఫిర్యాదుదారు అబద్ధమాడినట్టు తేలుతుంది. అందుకే జాబిక్స్, ప్రోమీథియస్ వంటి వేరే పర్యవేక్షణ వ్యవస్థలో చిన్న వ్యవధి కొలతలను కనీసం కొన్ని నెలలపాటు దాచడం, సగటుతోపాటు ఆ వ్యవధిలోని గరిష్ఠాన్నీ నమోదు చేయడం తప్పనిసరి.

కొలత అందకపోవడాన్ని క్షేమసమాచారంగా భావించడం అంతకంటే పెద్ద పొరపాటు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తినప్పుడు అధికారిక లెక్కల ప్రకారమే వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు; తీగలు తెగి, దారులు మూసుకుపోవడంతో ఘోరంగా దెబ్బతిన్న ఊళ్ల నుంచే కబురు రావడం ఆలస్యమైంది. ఇవాళ మచిలీపట్నంలో తుపానులను కనిపెట్టే డాప్లర్ రాడార్ ఉంది, హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం 2007 అక్టోబరు నుంచి రాత్రింబవళ్లు పనిచేస్తున్నది. అయినా మౌనం అంటే ఏమిటో ఈ సీమ ప్రజలకు తెలుసు; సర్వర్ల విషయంలోనూ అంతే. ప్రోమీథియస్‌లో ఒక యంత్రం నుంచి కొలత అందకపోతే అప్ అనే సూచిక సున్నా అవుతుంది. కానీ ఆ యంత్రం పేరే జాబితాలోంచి జారిపోతే ఆ సున్నా కూడా కనబడదు, హెచ్చరిక నియమానికి లెక్కించడానికేమీ మిగలదు, తెర మాత్రం పచ్చగానే ఉంటుంది. కాబట్టి సమాచారం లేకపోవడాన్నే ప్రమాదంగా పరిగణించే నియమం ఒకటి విడిగా రాయాలి. పర్యవేక్షణ వ్యవస్థను, అది కనిపెట్టవలసిన హోస్టుల మీద గాని, అదే స్టోరేజి మీద గాని పెట్టకూడదు. ఆ వ్యవస్థ తాను బతికే ఉన్నానని నిర్ణీత వ్యవధిలో బయటి వ్యవస్థకు ఒక సందేశం పంపుతూ ఉండాలి, అది ఆగిన వెంటనే ఎవరో ఒకరి ఫోను మోగాలి.

అలారాల హద్దులను మొదటి రోజే అంచనాతో పెట్టడం కంటే, యంత్రం ఆగిపోతే చెప్పేవాటిని మాత్రం ఉంచి, రద్దీ రోజులూ మామూలు రోజులూ కలిసేలా ఒక నెలపాటు కొలతలు సేకరించి ఆ తర్వాత పెట్టడం మేలు. అందుకున్నవారు చేయవలసిన పని ఏదీ లేని అలారాన్ని తీసివేయాలి, ఎందుకంటే రాత్రికి ఇరవైసార్లు ఊరికే మోగే అలారానికి అలవాటుపడినవారు ఇరవై ఒకటోసారి నిజంగా మోగినప్పుడు కూడా లేవరు. హద్దు మార్చడం తప్పనిసరైనప్పుడు తేదీ, పాత అంకె, కొత్త అంకె, కారణం, మార్చినవారి పేరు ఒక పుస్తకంలో నమోదు కావాలి. నెలవారీ నివేదికలో శాతం బాగా కనబడటానికి 5గా ఉన్న హద్దును 15 చేయమని పైనుంచి మాట వచ్చినప్పుడు, ఆ కారణాన్ని కూడా ఉన్నదున్నట్టు అదే పుస్తకంలో రాయాలి.