కళ్ళజోళ్ళ షాపులో పైలట్

జగదల్‌పూర్‌లో ఒక మేనమామ, ఒక మేనల్లుడు ఉండేవారు. మేనమామ తండ్రి కొత్తవలస–కిరందుల్ రైలుమార్గం పడుతున్న రోజుల్లో విజయనగరం వైపు నుంచి పనికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకి దిగడం మొదలయ్యాక ఆ దారి పొడుగునా అలా స్థిరపడిపోయిన తెలుగువాళ్ళు బస్తర్‌లో చాలామందే ఉన్నారు. ఇంట్లో తెలుగు, సంతలో హల్బీ, ఆఫీసులో హిందీ. మేనమామది కళ్ళజోళ్ళ షాపు. మేనల్లుడు ఓ ప్రైవేటు బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడు. రాత్రయితే మాత్రం అతనికి విమానం నడిపే పిచ్చి.

ఈ ఇద్దరూ కల్పితం. ఊరు, యంత్రాలు, లెక్కలు కల్పితం కావు.

ఆ పిచ్చికి మూలం ఊళ్ళోనే ఉంది. 2020 సెప్టెంబరులో అలయన్స్ ఎయిర్ వాళ్ళ ఏటీఆర్ 72 హైదరాబాద్ నుంచి జగదల్‌పూర్‌కి, అక్కణ్ణుంచి రాయ్‌పూర్‌కి తిరగడం మొదలుపెట్టింది. అంతవరకూ హైదరాబాద్ అంటే కుంట, భద్రాచలం మీదుగా రాత్రంతా బస్సులో ఊగడమే. అదే ఏడు ఆగస్టులో మైక్రోసాఫ్ట్ కొత్త ఫ్లైట్ సిమ్యులేటర్ వచ్చింది, డిసెంబరులో అందులో వీఆర్ (వర్చువల్ రియాలిటీ) కూడా చేరింది. ఊరి విమానాశ్రయం వీఈజేఆర్ అన్న కోడ్ పేరుతో ఆటలో కనబడేసరికి కుర్రాడు నిద్ర మానేశాడు. హైదరాబాద్‌లో లేచి సొంత ఊళ్ళో దిగాలని అతని కోరిక.

కొన్నాళ్ళు మామూలు మానిటర్ మీదే నడిపాడు. మానిటర్‌లో రన్‌వే ఎంత దూరంలో ఉందో, ఎంత కింద ఉందో కంటికి అందదు. తలకి తగిలించుకునే వీఆర్ హెడ్‌సెట్‌లో రెండు కళ్ళకీ రెండు బొమ్మలు వేరువేరుగా వస్తాయి కాబట్టి లోతు తెలుస్తుంది, తల తిప్పితే పక్క కిటికీలోంచి నేల కనబడుతుంది. అందుకని హైదరాబాద్‌లో ఉన్న పెదనాన్న కొడుకు వాడి పక్కన పెట్టేసిన క్వెస్ట్ 3 హెడ్‌సెట్ తెప్పించుకున్నాడు. కంటికి 2064 × 2208 పిక్సెళ్ళు. తలకి తగిలించాడు. కళ్ళజోడు అడ్డొచ్చింది. తీసి బల్ల మీద పెట్టాడు.

అక్కణ్ణుంచి కష్టాలు మొదలయ్యాయి. సెట్టింగులన్నీ పైకంటా తోశాడు: మబ్బులు, చెట్లు, నీడలు, ఊళ్ళు. ఇంద్రావతి మీదుగా చిత్రకోట్ వైపు వాలేసరికి బొమ్మ ఆగి ఆగి కదిలింది, కడుపులో తిప్పింది. కాక్‌పిట్ తెరల మీద వేగం అంకెలు నీళ్ళలో పడ్డ సిరా చుక్కల్లా అలుక్కుపోయాయి. హెడ్‌సెట్ కింద ఓ చిన్న చక్రం ఉంది. అది ఫోకస్ అనుకుని ఎటు తిప్పినా మసక పోలేదు, ఆ కోపంలో దాన్ని వదిలేశాడు. మర్నాడు ఒక సెట్టింగు పైకి, మూడు కిందికి. ఆ మర్నాడు ఎవడో వీడియోలో చెప్పిన అంకెలన్నీ గంపగుత్తగా ఎక్కించేశాడు. ఒకరోజు బాగున్నట్టు అనిపించేది, ఎందుకు బాగుందో తెలిసేది కాదు. నెలలు గడిచినా హైదరాబాద్‌లో లేచిందీ లేదు, జగదల్‌పూర్‌లో దిగిందీ లేదు.

చివరికి యంత్రానిదే లోపమని తీర్మానించుకుని, ఇది అమ్మేసి పైమాక్స్ క్రిస్టల్ అనే హెడ్‌సెట్ కొంటానని, కంటికి 2880 × 2880 పిక్సెళ్ళని చెప్పి అప్పు కోసం మేనమామ షాపుకి వెళ్ళాడు.

"అప్పు మాట తర్వాత. దాంతో ఏటి చూద్దావని కొంటన్నావురా?" అన్నాడు మేనమామ.

"అన్నీ, మావయ్యా. చిత్రకోట్, కాంగేర్ లోయ, అడవులు..."

"ఈ కుర్చీలో కూకున్నోళ్ళని నేను ముందడిగేది అదే. దర్జీకి సూదిబెజ్జం కనబడాల. లారీ డ్రైవరుకి కేశ్‌కాల్ ఘాట్లో మలుపు కనబడాల. ఇద్దరికీ ఒకటే అద్దం ఇచ్చాననుకో, ఇద్దరూ తిడతారు. అన్నీ అంటే అద్దం లేదు నా దగ్గర. నీకు ఏది కనబడకపోతే పని చెడుద్దో అది చెప్పు."

కుర్రాడు కాసేపు నసిగి, "దిగేటప్పుడు వేగం అంకె కనబడాలి. రన్‌వే నిలకడగా కనబడాలి. కడుపు తిప్పకూడదు," అన్నాడు.

"ఇంతేనా? అయితే కూకో."

కుర్చీలో కూర్చోబెట్టి చూస్తే కుడికన్ను మైనస్ 2.25, ఎడమ మైనస్ 2.75. ముక్కు మీద ఉన్న జోడు నంబరు పాతది. ఇక హెడ్‌సెట్‌లో ఆ పాత జోడు కూడా లేదు. హెడ్‌సెట్ తెర కంటికి అంగుళాల దూరంలోనే ఉన్నా, లోపలి కటకాలు దాన్ని ఒకటి రెండు మీటర్ల అవతల ఉన్నట్టు చూపిస్తాయి. కాబట్టి దూరపు చూపు మసకగా ఉన్నవాడికి అందులోనూ మసకే. తరవాత మేనమామ స్కేలు తీసి కంటిపాపల మధ్య దూరం కొలిచాడు: 61 మిల్లీమీటర్లు. హెడ్‌సెట్ చక్రం 68 దగ్గర ఉంది. అది ఫోకస్ చక్రం కాదు, ఈ దూరానికి కటకాల్ని జరిపే చక్రం. పెదనాన్న కొడుక్కి సరిపోయిన కొలత అలాగే ఉండిపోయింది.

"డబ్బా మీద చూపు ఎంతని రాశాడు?" అని అడిగాడు మేనమామ.

"డిగ్రీకి 25 పిక్సెళ్ళంట."

మేనమామ గోడమీద అక్షరాల చార్టు వైపు చూస్తూ లెక్క కట్టాడు. 6/6 వరసలో అక్షరం గీత మందం డిగ్రీలో అరవయ్యో వంతు. అంటే 6/6 చూపించాలంటే డిగ్రీకి 60 పిక్సెళ్ళు ఉండాలి. 25 అంటే సుమారుగా 6/15. "నువ్వు కొంటానన్నదానికో?" "35 అంట." "అది 6/10. ఈ యంత్రానికి 6/15 చూపుంది. జోడు తీసేస్తే నీ కంటికి అదీ లేదు. యంత్రానికి చూపు పెంచడానికి అప్పు చేస్తానంటావేటి?"

కొత్త నంబరుకి హెడ్‌సెట్ లోపల బిగించే అద్దాలు తెప్పించారు. అది అప్పు కాదు, మేనమామ ఖాతాలో పడింది.

ఆ రోజు కుర్చీలో మేనల్లుడు ఇంకోటి కూడా గమనించాడు. మేనమామ ఎప్పుడూ రెండు అద్దాలు కలిపి మార్చలేదు. ఒకటి పెట్టి, "ఇదా?", ఇంకోటి పెట్టి, "ఇదా?" అని అడిగాడు. చార్టు కదలదు, కుర్చీ కదలదు, వెలుతురు మారదు. ఇంటికెళ్ళి తనూ అదే చేశాడు. విమానాన్ని జగదల్‌పూర్ రన్‌వే చివర నిలబెట్టాడు. రోజూ అదే చోటు, అదే పొద్దుటి వేళ, అవే మబ్బులు. ఒక్క సెట్టింగు మార్చి, తెర మీద ఫ్రేమ్ టైమ్, అంటే ఒక్కో బొమ్మ గీయడానికి పట్టే సమయం, చూసి, పుస్తకంలో రాసుకున్నాడు.

ఆ లెక్క చిన్నదే. తెర సెకనుకి 72 సార్లు వెలిగితే ఒక్కో బొమ్మ గీయడానికి గ్రాఫిక్స్ కార్డుకి దొరికేది 13.9 మిల్లీసెకన్లు. 90 సార్లయితే 11.1. రెండు కళ్ళకీ కలిపి తెరలో 91 లక్షల పిక్సెళ్ళున్నాయి, మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్‌కి నాలుగింతల పైమాట. అతని మధ్యరకం కార్డు ఆ గడువు ఎప్పుడూ అందుకోలేదు. సగానికి, అంటే 36కి దిగి, మధ్య బొమ్మల్ని సాఫ్ట్‌వేరే ఊహించి నింపే పద్ధతి పెడితే నిలకడ వచ్చింది. ప్రొపెల్లర్ అంచుల్లో గాలి కొంచెం వణికినట్టు కనబడేది. దిగేవాడు ప్రొపెల్లర్ చూడడు కదా, వదిలేశాడు. మబ్బుల్ని అల్ట్రా నుంచి మీడియంకి దించితే అన్నిటికంటే ఎక్కువ సమయం మిగిలింది. బొమ్మని తక్కువ పిక్సెళ్ళతో గీసి పెంచి చూపే డీఎల్ఎస్ఎస్ పెడితే వేగం పెరిగింది గానీ మారుతున్న అంకెలకి తోకలొచ్చాయి. అంకెలే తనకి ముఖ్యమని ముందే చెప్పుకున్నాడు కాబట్టి తీసేసి, అంచుల్ని నునుపు చేసే మామూలు పద్ధతి టీఏఏకి వచ్చాడు. మిగిలిన సమయాన్ని రిజల్యూషన్‌కి ఇచ్చాడు. అంకెలు చదవడానికి వచ్చాయి.

అయినా ఆగలేదు. ఇంకా ఒక్క పిసరు, ఇంకా ఒక్క పిసరు అనుకుంటూ పుస్తకం నింపేసి, దాన్ని పట్టుకుని మళ్ళీ షాపుకి వెళ్ళాడు. మేనమామ పేజీలు తిప్పాడు. చివరి నాలుగు పేజీల్లోనూ ఒకటే మాట: "రెండూ ఒకేలా ఉన్నాయి."

"కుర్చీలో కూకున్నోడు రెండూ ఒకేలా ఉన్నాయంటే నేను చీటీ రాసి పంపించేస్తాను. ఇంకా అద్దాలు మార్చుకుంటా కూకుంటే బయట వరసలో ఉన్నోళ్ళు నన్ను కొడతారు. నీకు వరస లేదు కాబట్టి నిన్ను కొట్టేవోడు లేడు. పో, ఇంటికి పోయి విమానం నడుపుకో."

ఆ రాత్రి మేనల్లుడు హైదరాబాద్‌లో లేచి జగదల్‌పూర్‌లో దిగాడు. కొంచెం గట్టిగానే దిగాడు. అందులో హెడ్‌సెట్ తప్పేమీ లేదు.

నీతి

ఈ కథకి ఖరీదైన యంత్రం వద్దు, చవకదే మేలు అని నీతి చెప్పేవాళ్ళుంటారు. నేను ఒప్పుకోను. 35 పిక్సెళ్ళు 25 కంటే ఎక్కువే. కళ్ళు సరిచేసుకుని, దాన్ని లాగే కార్డు ఉన్నవాడు కొనుక్కుంటే తప్పేముంది? మేనల్లుడి పొరపాటు అడగవలసిన వరస తిరగెయ్యడంలో ఉంది. ఏది కనబడాలి అన్నది ముందు. కంటికి ఏం కావాలి అన్నది తరవాత. యంత్రం మూడోది. మనలో చాలామంది మూడోదాంతో మొదలుపెడతాం, మొదటిది ఎప్పటికీ అడగం.

మొదటి ప్రశ్న ఎంత బలమైనదో విమాన శిక్షణ చరిత్రే చెబుతుంది. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ తయారుచేసిన శిక్షణ యంత్రం ఒక చిన్న చెక్క విమానం. వాళ్ళ కుటుంబం చేసే ఆర్గన్ వాద్యాల గాలితిత్తులతోనే అది ఊగేది. పైన మూత వేసేస్తే లోపలున్న పైలట్‌కి బయటి దృశ్యం అన్నదే లేదు, మీటర్లు మాత్రమే. మబ్బుల్లో చూపు పోయి టపా విమానాలు కూలుతున్న 1934లో అమెరికా సైన్యం వాటిని కొంది. రెండో ప్రపంచయుద్ధంలో లక్షలమంది పైలట్లు ఆ మూత కిందే నేర్చుకున్నారు. అక్కడ కావలసింది మీటర్లని నమ్మడం ఒక్కటే, దానికి ఒక్క పిక్సెల్ కూడా అక్కర్లేకపోయింది. హెలికాప్టర్ సంగతి వేరు. నేలకి దగ్గరగా నిలబెట్టడానికి, ఏటవాలు మీద దించడానికి లోతు తెలియాలి. 2021 ఏప్రిల్‌లో యూరప్ విమాన భద్రతా సంస్థ ఈఏఎస్ఏ తొలిసారి ఒక వీఆర్ శిక్షణ పరికరానికి గుర్తింపు ఇచ్చింది, అది రాబిన్‌సన్ ఆర్22 హెలికాప్టర్‌ది. ఇంట్లో హెడ్‌సెట్‌తో నడిపిన గంటలు లైసెన్సు లెక్కలోకి రావు, అది వేరే విషయం.

కడుపు తిప్పడం గురించి ఒక మాట. కన్ను కదులుతున్నామంటుంది, లోపలి చెవి కూర్చునే ఉన్నామంటుంది, ఆ తగువే వికారం. బొమ్మ ఆగి ఆగి కదిలినా, కటకాల మధ్య దూరం తప్పినా తగువు పెరుగుతుంది. ఓర్చుకుంటే అలవాటవుతుందని పట్టుదలకి పోవడం తెలివి కాదు. వికారం మొదలవగానే తీసేసి, మర్నాడు చూసుకోవాలి.

ఇంకో జాగ్రత్త కూడా కథలో ఇమడలేదు. ఫ్లైట్ సిమ్యులేటర్ వాళ్ళంతా మెచ్చుకున్న హెచ్‌పీ రెవర్బ్ జీ2 2020లో వచ్చింది, కంటికి 2160 × 2160. అది మైక్రోసాఫ్ట్ వాళ్ళ విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ మీద ఆధారపడింది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 లోంచి మైక్రోసాఫ్ట్ ఆ భాగాన్ని తీసేసింది. కటకాలు పగల్లేదు, తెర చెడలేదు, అయినా కంపెనీ చెయ్యి వదిలేసింది. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందంటే అది ఎవరి సాఫ్ట్‌వేర్ మీద బతుకుతోందో అడిగి కొనండి.

వీటన్నిటికంటే ముందు కళ్ళు పరీక్ష చేయించుకోండి. కంటిపాపల మధ్య దూరం, షాపువాళ్ళు పీడీ అంటారు, చీటీ మీద చాలాచోట్ల రాయరు. అడిగి రాయించుకోండి.