రహస్యం యెవరి కోసం?

చేవెళ్లలో బస్సెక్కి ఆయన హైదరాబాదు ఆసుపత్రికి పోతాడు. మొయినాబాదులో యెక్కిన చుట్టం "యెక్కడికి పెద్నాయినా?" అంటే, "బిడ్డ యింటికి" అంటాడు. అరవై దాటిన మనిషి; రక్తంలో హెచ్.ఐ.వి. వున్నది. నమ్మి నాతో చెప్పుకున్నాడు గనుక పేరు రాయను.

2004 ఏప్రిల్ నుంచి మన దేశంలో ప్రభుత్వం యీ మందులను ఉచితంగా యివ్వసాగింది. నాడు చావుకు సిద్ధపడినవారిలో యెందరో నేడు వృద్ధులవుతున్నారు. 2017 నాటి చట్టం వివక్షను నిషేధించింది. వారి రహస్యానికి రక్షణ యిచ్చింది. మరి వారి వొంటరితనాన్ని తీర్చేదేది?

అమెరికాలో యాభై దాటిన యిటువంటి రోగులను టెలిఫోను మీద చిన్న చిన్న బృందాలుగా కూర్చి మాట్లాడించారు. ముఖం కనిపించదు, సాటివారి గొంతు వినిపిస్తుంది. యిది పిరికితనమని కొందరనవచ్చు. నిజాన్ని బాహాటంగా ప్రకటించడమే ధర్మమని వొకప్పుడు నేనూ వాదించాను. కాని ప్రకటించినందుకు కూలీ, కిరాయి యిల్లూ పోయేది ఆయనకు, నాకు కాదు. పరుల బతుకు పణంగా పెట్టి సత్యవాదులం కావడానికి మనకేం హక్కున్నది?

అయితే అటువంటి బృందంలో గుండె బరువు దించుకున్న మనిషి కూడా తిరిగి మన బస్సే యెక్కాలి. అక్కడ ఆయన అబద్ధమాడవలసి వచ్చినంతకాలం తప్పు ఆయనది కాదు, మనది. చేవెళ్లకూ అటువంటి బృందం కావాలి. "యెక్కడికి?" అన్న ప్రశ్నకు భయపడనక్కరలేని బస్సు కూడా కావాలి.